చెల్లెలి కుడిచెయ్యి

క్రికెట్ ఆట గురించి పత్రికల్లో ‘నరాలు తెగే ఉత్కంఠ’ అని రాసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నరం అంత సులువుగా తెగదు. నర్సింగు చదివే పిల్లలకు ఏళ్ళ తరబడి శరీర నిర్మాణం పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. మనవాళ్ళకు రక్తనాళమూ నరమే, కండను ఎముకకు కట్టే పట్టీ కూడా నరమే, ఎవరికైనా కోపం ఎక్కువైతే అదీ నరాల జబ్బే. నేను చెప్పేది అసలు నరం సంగతి. వెన్నుపాములోంచి బయలుదేరి చేతులకూ కాళ్ళకూ కబురు మోసుకుపోయే తెల్లటి తాడు.

దాన్ని మొదటిసారి పట్టుకున్నది నేను చదువుకునే రోజుల్లో. మందునీళ్ళలో నానిన శవం తొడ వెనకాల ఉంది, చిటికెన వేలంత లావున. మా టీచరు లాగి చూడమంది. రెండు చేతులా లాగాను. కొంచెం సాగినట్టయింది గాని తెగలేదు. తర్వాత ఆమె వీపు తెరిచి, అవే నరాలు వెన్నుపాములోంచి మొలిచే చోటు చూపించింది. అక్కడ అవి సన్నటి పోగులు. తొడ దగ్గర నరాన్ని చుట్టి ఉన్న గట్టి పొర వాటికి లేదు. పట్టుకారు కొన ఇలా తగిలిందో లేదో ఒక పోగు ఊడి వచ్చేసింది. నేను బయటికి వెళ్ళి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. శవం వాసన పడలేదేమో అనుకున్నారు తోటి పిల్లలు. వాసన కాదు, నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది.

చెల్లెలు పుట్టినప్పుడు మేము చిలకలగూడలో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. నాకు పదేళ్ళుంటాయి. నా తర్వాత అమ్మకు నిలవని కాన్పులు అయ్యాయి కాబట్టి ఈసారి ఆస్పత్రికి తీసుకెళ్ళాలని నాన్న ముందే అనుకున్నాడు. అనుకోవడం వరకు నాన్నకు బాగా వచ్చు. నొప్పులు మొదలయ్యేసరికి ఆయన స్టేషన్లో చిక్కుకుపోయాడు. రైళ్ళు ఆగిపోయాయి, దారులు మూసేశారు, తల మీద విమానాలు తిరుగుతున్నాయి. ఇండియా దండు నిజాం రాజ్యంలోకి వచ్చేస్తోందని ఊరంతటికీ తెలుసు. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. తర్వాత మా వీధి చివర రోడ్డు మీద మేము చూసింది పోలీసుల్ని కాదు, ట్యాంకుల్ని.

అలాంటి పూట మాకు దిక్కు మంత్రసాని దాదీ ఒక్కతే. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. ఆమె పెనిమిటి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. సాయిబుల ఇల్లే గాని మాట మా మాటే. మా వాడలో పిల్లలందరూ ఆమె చేతుల్లోకి వచ్చినవాళ్ళే, నాతో సహా. కాన్పు చెయ్యడంతో ఆమె పని అయిపోయేది కాదు. పురుడు తీరేదాకా రోజూ వచ్చి బిడ్డకు నీళ్ళు పోసేది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, వేడినీళ్ళు పోసి, చివర్లో ఒక్కో చెయ్యీ పట్టి తల మీదికి సాగదీసేది. కుడి మోచేతిని ఎడమ మోకాలికి తాకించేది, ఎడమ మోచేతిని కుడి మోకాలికి. అలా సాగదీయకపోతే బిడ్డ ముడుచుకుపోయి గూనిగా పెరుగుతుందని అందరి నమ్మకం. మావాళ్ళల్లో గానీ వాళ్ళల్లో గానీ ఆ సాగదీత లేకుండా పెరిగిన పిల్ల లేదు.

ఆ పొద్దున దాదీ వచ్చి అమ్మను చూసి, “పెద్ద బిడ్డ ఉన్నది, జెర తక్లీఫ్ అయితది” అంది. నన్ను నీళ్ళకు పంపింది. నేను బావి నుంచి నీళ్ళు తెస్తూ, పొయ్యి మీద పెడుతూ, మూసిన తలుపు దగ్గర నిలబడుతూ ఉన్నాను. అమ్మ అరుపులు వినబడినంతసేపు భయపడ్డాను. అవి ఆగిపోయాక ఇంకా ఎక్కువ భయపడ్డాను. లోపల దాదీ ఆయాసపడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి పిల్లి కూనలా ఒక ఏడుపు. తలుపు తీసిన దాదీ ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. “చెల్లె పుట్టింది. మీ అమ్మ మంచిగుంది” అని చెప్పి గోడకానుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు నీళ్ళు పోసేటప్పుడు ఆమే చూసింది. బిడ్డ ఎడమ చెయ్యి గుప్పిట బిగించి ఆడుతుంటే కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. మోచెయ్యి నిటారుగా ఉంది, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడిపోతోంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. దాదీ ఆ చెయ్యి జోలికి పోకుండా నీళ్ళు పోసి, పాత మెత్తటి చీరపేలికతో దాన్ని పొట్టకు ఆనించి చుట్టింది.

“ఏమైంది ఖాలా?” అని దాదీని పిన్ని వరసతో పిలిచి అడిగింది అమ్మ మంచం మీదనుంచి.

“భుజం ఇరికింది బిడ్డా. తల వచ్చినంక భుజం రాలే. గుంజిన. గప్పుడైంది.”

“వస్తదా చెయ్యి?”

“నాకు తెల్వది బిడ్డా. ఝూట్ చెప్ప.”

అమ్మ బిడ్డను పక్కలోకి తీసుకుని ఆ వేళ్ళను ఒక్కొక్కటే ముట్టుకుంటూ పడుకుంది.

రైళ్ళు మళ్ళీ నడవడం మొదలయ్యాక ఓరుగల్లు వైపు నుంచి పెద్దమ్మ వచ్చింది, మా పెదనాన్న భార్య. బాలింత చాకిరీ చెయ్యడానికి ఆమె లాంటి మనిషి దొరకదు. తన ఇల్లు వదిలి వచ్చి, తెల్లవారకముందే లేచి, అమ్మకు కారం పొడి దగ్గర నుంచి చెవుల్లో దూది దాకా అన్నీ చూసేది. మనసు మంచిది. ఆ మంచితనమే మా కొంప ముంచబోయింది. చెయ్యి చూడగానే ఆమె గుండెలు బాదుకుంది. “బంగారమసొంటి పిల్లను అవిటిదాన్ని చేసింది తుర్కామె” అంది. అప్పటికి వీధిలో గాలి మారిపోయింది. మొన్నటిదాకా రజాకార్ల భయంతో మేము తలుపులు వేసుకున్నాం. ఇప్పుడు దాదీ వాళ్ళు వేసుకుంటున్నారు. ఊళ్ళల్లో ఏమేం జరుగుతున్నాయో రైలు దిగినవాళ్ళు చెప్పే మాటలు విని, కళాయి వేసే తాత కొలిమి ముట్టించడం మానేశాడు.

పెద్దమ్మ పోరు పడలేక నాన్న వెళ్ళి దాదీతో, కొన్నాళ్ళు రావద్దని చెప్పాడు. చెప్పి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. అమ్మ గోడవైపు తిరిగింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

ఇక నీళ్ళు పోసేది పెద్దమ్మే. చచ్చుబడిన చేతిని సాగదీసి దారికి తేవాలని ఆమె పట్టుదల. నూనె వేడి చేసి రుద్దేది, మణికట్టు పట్టుకుని తల మీదికి గుంజేది, ఒక్కోసారి ఆ ఒక్క చేతిని పట్టుకునే బిడ్డను పీట మీదనుంచి సగం లేపేది. చెల్లెలు నీలిరంగు తిరిగేలా ఏడ్చేది. నేను చెంబుతో నీళ్ళు అందిస్తూ ముఖం తిప్పుకునేదాన్ని.

“ఎందుకు పెద్దమ్మా, నొస్తుంది దానికి” అన్నాను ఒకరోజు.

“నొస్తేనే మంచిది. ఏడుస్తుందంటే నరంలకు పాణం వస్తున్నట్టు. నీకేం ఎరుక?” అంది ఆమె.

ఆ మాటను లోపల అమ్మ కూడా నమ్మి ఊరుకుంది. కన్నబిడ్డ ఏడుపు విని ఓర్చుకోవడానికి ఏ తల్లికైనా ఒక కారణం కావాలి. పెద్దమ్మ ఆ కారణం ఇచ్చింది.

గూడ్సు షెడ్డులో దండు సామాను దించేటప్పుడు నాన్నకు ఒక మిలటరీ డాక్టరుతో పరిచయమైంది. మద్రాసులో చదివినవాడు, పుస్తకం తెలుగు మాట్లాడేవాడు. నాన్న జన్మలో మొదటిసారి అనుకున్న పని అనుకున్నట్టే చేసి, బిడ్డను చూడమని ఆయన్ని అడిగాడు. బాలింత గడప దాటకూడదు కాబట్టి పెద్దమ్మ బిడ్డను ఎత్తుకుంది. నాన్న వెంట బట్టల సంచి పట్టుకుని నేనూ వెళ్ళాను. జట్కాలో బొల్లారం వైపు పోతున్నంతసేపు పెద్దమ్మ కొంగు బిడ్డ చేతి మీద కప్పే ఉంచింది, ఎవరి దిష్టో తగులుతుందని.

డాక్టరు చెల్లెలి చెయ్యి ఎత్తి చూశాడు, వేళ్ళల్లో తన వేలు పెట్టి చూశాడు, మెడ పక్కన తడిమాడు. రోజూ ఏం చేస్తున్నారని అడిగితే పెద్దమ్మ గర్వంగానే చెప్పింది. ఆయన కోప్పడలేదు. ఒక పీట లాక్కుని కూర్చున్నాడు.

“అమ్మా, ఇకనుంచి దీన్ని లాగకూడదు. మెడ దగ్గర వెన్నుపాములోంచి నరాలు వచ్చి ఈ భుజం కింద నుంచి చేతిలోకి పోతాయి. వాటికి కొంత లాగుడు ఓర్చుకునే బలం ఉంది. దాన్ని మించితే పైపొర బాగానే ఉంటుంది, లోపలి పోగులు తెగుతాయి. పైకి ఏమీ తెలియదు. ఆ పోగులు మళ్ళీ పెరుగుతాయి, కాని చాలా మెల్లగా. పెరుగుతున్న వాటిని మీరు రోజూ మళ్ళీ లాగుతున్నారు.”

“మరి పెరుగుతాయా సార్?” అన్నాడు నాన్న.

“సాగి దెబ్బ తిన్నవైతే పెరుగుతాయి. వెన్నుపాము దగ్గరే ఊడిపోయి ఉంటే పెరగవు. నారు పీకినప్పుడు ఆకు తెగితే మళ్ళీ వేస్తుంది. వేరుతో వచ్చేస్తే ఇక ఆ చోట ఏమీ ఉండదు. ఇది ఏదో నేను పైనుంచి చూసి చెప్పలేను. కొన్ని నెలల్లో మోచెయ్యి వంచిందంటే బతికామనుకోండి.”

“గట్టిగనే గుంజిండ్రు గద సార్ కాన్పుల?” అంది పెద్దమ్మ.

“గట్టిగానే లాగారు. లాగకపోతే ఇద్దరిలో ఒకరు కూడా మిగిలేవారు కాదు” అన్నాడు ఆయన.

తర్వాత చెల్లెలి చొక్కా చేతిని పైకెత్తి, పిన్నీసుతో తల పక్కన దిండుకు గుచ్చి చూపించాడు. భుజం మీద బరువు పడకుండా కొన్ని వారాలు అలాగే ఉంచమన్నాడు. తర్వాత రోజూ మెత్తగా కదిలిస్తే చాలునన్నాడు. చెల్లెలు బడిలో హాజరు పలుకుతున్న పిల్లలా చెయ్యెత్తుకుని పడుకుంది. ఇంటికొచ్చాక అమ్మ దాన్ని అలా చూసి మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది.

పెద్దమ్మ లాగడం ఆ రోజుతో మానేసింది. తన చేతులతో తను చేసిన పని తెలిసి రెండు రోజులు బిడ్డను ఎత్తుకోలేదు. కాని మనిషి మనసు అక్కడ ఆగదు. తన లాగుడు బరువును కూడా దించుకోవడానికి ఇంకో చోటు వెతుక్కుంది. డాక్టరు అన్న రెండు ముక్కల్లో మొదటి ముక్కే ఆమె నోట వీధిలోకి వెళ్ళింది. ‘గట్టిగ గుంజిండ్రని మిలటరీ డాక్టరే చెప్పిండు.’ రెండో ముక్క నేనూ నాన్నా విన్నాం. నాన్న గొంతు పెగలని మనిషి. పదేళ్ళ పిల్ల మాట వినేవాళ్ళు ఆ రోజుల్లో లేరు.

బావి దగ్గరికి వెళ్ళేసరికి ఆ ముక్కకు కాళ్ళు వచ్చాయి. హోటలు దగ్గరికి చేరేసరికి ‘కావాలనే గుంజింది’ అయింది. ఒక సాయంత్రం వీధిలో మగవాళ్ళు కొందరు మా అరుగు మీదికి వచ్చారు. అందరూ తెలిసినవాళ్ళే. వాళ్ళల్లో సగం మందిని ఈ లోకంలోకి లాగింది దాదీయే.

“సారూ, మీరు ఊ అనుండ్రి, చాలు. గా ముసల్దాన్ని మేం అర్సుకుంటం” అన్నాడు ఒకడు.

నాన్న ఊ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ ‘అర్సుకోవడం’, అంటే ‘చూసుకోవడం’ ఏమిటో ఆ రోజుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతలో వెనక అలికిడి అయింది. అమ్మ. తలకు గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని, పురుడు తీరకుండానే గడప దాటి అరుగు మీదికి వచ్చింది. పెద్దమ్మ “అయ్యో, వద్దు చెల్లె” అంటూ వెంటపడింది. బాలింతను ఎదురుగా చూసి మగవాళ్ళు తల దించుకున్నారు.

“ఆమె నన్ను అడిగింది” అంది అమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. “గుంజితే చెయ్యి పోవచ్చు, గుంజకుంటే పిల్ల పోతది, ఏం చెయ్యాలె బిడ్డా అని అడిగింది. నేనే గుంజుమన్న. అర్సుకునేది ఏమన్న ఉంటే నన్ను అర్సుకోండ్రి.”

కన్నతల్లి అలా చెప్పాక ఏం మాట్లాడతారు? ఒకరి వెనక ఒకరు మెట్లు దిగి వెళ్ళిపోయారు. పెద్దమ్మ అమ్మను లోపలికి నడిపించుకుపోయి, కాళ్ళకు కాపడం పెడుతూ, “నాతోని అయినా చెప్పకపోతివి” అని గొణిగింది. అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. మా అమ్మ అంత మాట నలుగురిలో అనగలదని నాకు అప్పటిదాకా తెలియదు. గర్వంతో ఆ పూట నేను మా గుమ్మంలోనే తిరిగాను.

దాదీని ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆమె బయటికి రాలేదు. పక్క సందులో ఒకామెకు నొప్పులు వస్తే పిలవడానికి వెళ్ళారట. “నాతోని కాదు, వేరేటోళ్ళను చూసుకోండ్రి” అందట. అమ్మ నాతో రెండుసార్లు కబురు పంపింది, వచ్చి పిల్లకు నీళ్ళు పొయ్యమని. “మీ చెల్లె మోచెయ్యి వంగిందా?” అని అడిగింది దాదీ. లేదన్నాను. “అయితే పో బిడ్డా” అంది. రెండోసారీ అంతే. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి’ అని మనవాళ్ళు సామెత చెబుతారు. ఎంత పట్టినదానికైనా పట్టలేనిది ఒకటి వస్తుంది కాబోలు. ఆమె తన చేతులను ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చునేది.

చలికాలం వెళ్ళింది. పిన్నీసు తీసేశాం. అమ్మ రోజూ పాలిచ్చాక ఆ చేతిని మెత్తగా వంచి చాపేది. వదలగానే అది పక్కన పడేది. పెద్దమ్మ తన ఊరు వెళ్ళిపోతూ ఆ చేతికి వెండి కడియం తొడిగింది. నేను రాత్రీ పగలూ ఆ మోచేతిని కాపలా కాశాను. కదలని దాన్ని అంతసేపు చూస్తే కదిలినట్టే కనబడుతుంది. అలా నేను అమ్మను చాలాసార్లు ఉత్తపుణ్యానికి పరిగెత్తించాను కూడా.

భుజం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అది సగమే వచ్చింది. ఇప్పటికీ మా చెల్లెలు కుడిచేత్తో తల దువ్వుకోలేదు. బస్సులో పైన కడ్డీ పట్టుకోవాలంటే ఎడమ చెయ్యే. దాని నరాల్లో కొన్ని వేరుతోనే పోయాయని నాకు చదువుకున్నాక అర్థమైంది. వాటిలో పుట్టుకతో పోయినవెన్నో, ఆ పీట మీద పోయినవెన్నో చెప్పగల డాక్టరు లేడు. కాని మోచెయ్యి వచ్చింది. ఒక మధ్యాహ్నం పాలు తాగుతూ తాగుతూ, కుడి గుప్పిటను రొమ్ము మీదుగా మెల్లగా, బరువు లాగుతున్నట్టు లాక్కుని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. చెయ్యి జారిపోయింది. మళ్ళీ తెచ్చుకుంది.

అమ్మ నాన్నకు కబురు చెయ్యలేదు. పొరుగువాళ్ళను పిలవలేదు. బిడ్డను భుజాన వేసుకుని, కొంగు సర్దుకోకుండా నేరుగా దాదీ ఇంటికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. దాదీ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అమ్మ చాప మీద చెల్లెలిని పడుకోబెట్టి, “చూడు ఖాలా” అంది. పిల్లలు చూపించమన్నప్పుడు చూపిస్తారా? కప్పు వైపు చూస్తూ కాళ్ళాడించింది. మేము ముగ్గురం చుట్టూ కూర్చుని ఎదురు చూశాం. చివరికి దానికి ఆకలి గుర్తొచ్చినట్టుంది, కుడి మోచెయ్యి వంగింది, గుప్పిట నోటికి చేరింది.

దాదీ ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

“బిడ్డా, ఆనాడు అందరి ముంగట చెప్పినవట, నేను నిన్ను అడిగిన అని.”

“చెప్పిన.”

“నేను అడగలే. నీకు సోయి లేకుండె, కండ్లు తెర్వకపోతివి. పిల్ల నల్లబడుతుండె. ఎవ్వల్ని అడగను? నేనే గుంజిన. చెయ్యి పోతదని ఎరుక ఉండి గుంజిన.”

నేను అమ్మ ముఖం చూశాను. ఇన్ని నెలలుగా నేను నమ్మిన మాట అబద్ధమని నాకు అప్పుడు తెలిసింది. అమ్మ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

“నువ్వు అడగలేదని నాకు ఎరుకే ఖాలా” అంది. “అడిగుంటే నేను గదే అంటుంటి. గందుకే చెప్పిన.”

దాదీ అప్పుడు చెయ్యి చాపి, చెల్లెలి కుడిచేతిని ముట్టుకుంది.